బయటి గడియ

వీధిలో అందరూ అతన్ని గడియల మేస్త్రి అనేవాళ్ళు. కొత్త ప్రభుత్వం వచ్చిన నాటి నుంచి అతని వడ్రంగం సగం ఒకే పనికి పోయింది. ఠాణా గదులకూ, కార్మికుల హాస్టళ్ళకూ, చివరికి అచ్చాఫీసుకూ తలుపు బయటివైపు గడియలు బిగించడమే ఆ పని.

పొరుగు దేశపు రాయబారి వస్తున్నాడని అతిథిగృహానికీ పిలిచారు. యుద్ధంలో బందీలైన సైనికులను మార్చుకునే చర్చలవి. ఆ దేశపు చెరలో ఉన్నవాళ్ళలో మేస్త్రి తమ్ముడూ ఒకడు.

"పడగ్గదికి బయట గడియ పెట్టు," అన్నాడు అధికారి.

"వచ్చేది అతిథి కదండీ. గడియ చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతాడు. మావాడు అక్కడే ఉండిపోతాడయ్యా."

"తప్పుడు ఆలోచన లేనివాడికి గడియంటే భయమెందుకు? బిగించు."

మేస్త్రి బిగించాడు. వదులుగా పని చేయడం అతనికి రాదు, గట్టిగానే బిగించాడు. రాయబారి వచ్చి, పడగ్గది తలుపుకి బయట ఉన్న గడియ చూసి, మళ్ళీ కారెక్కాడు.

"చూశావా! దొంగబుద్ధి కాబట్టే పారిపోయాడు," అని అధికారి చంకలు గుద్దుకున్నాడు.

మేస్త్రికి ఒళ్ళు మండింది. "మీ పడగ్గదికీ ఒకటి బిగించమంటారా?"

అధికారి నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఎప్పుడో బిగించారు. నోర్మూసుకుని పో."

ఇంటికొచ్చి తమ్ముడి భార్యకు జరిగినదంతా దాచకుండా చెప్పాడు.

"మీరెందుకు బిగించారు బావగారూ?"

"నేను కాకపోతే ఇంకొకడు బిగించేవాడమ్మా."

"ఆ ఇంకొకడే బిగించాల్సింది," అంది మరదలు. "వాడి తమ్ముడు చెరలో లేడుగా!"