శివారు పొలానికి నీళ్ళు

2023, వానాకాలపు సార్వా వరినాట్ల రోజులు. విజయవాడలో ఒక ఏఆర్‌టీ సెంటర్‌లో నేను అవుట్‌రీచ్ వర్కర్‌ని. ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీని అణచిపెట్టే మందులు. వాటికి రానివాళ్ళకి ఫోన్లు చేసి విసిగించడం నా ఉద్యోగం. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని కదా, ఒకళ్ళకి మార్కులు వేయడమంటే మహా సరదా.

నాగమణిగారిది బంటుమిల్లి వైపు, కౌలు సేద్యం. దగ్గర్లో అయితే తెలిసినవాళ్ళు చూస్తారని రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చేవారు. ఊళ్ళో షుగరు మందులని చెప్పుకున్నారు. "పెళ్ళికెళితే లడ్డూ కూడా తిననివ్వట్లేదమ్మా" అని వాపోయేవారు.

అంతకు రెండేళ్ళ ముందు ఆవిడ రిపోర్టులు బాగా వచ్చాయి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షకి దొరకనంత తక్కువ. సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, నిండుగా ఉంది.

"పిన్నిగారూ, ఫస్ట్ క్లాస్! ఇక మీకు డోకా లేదు" అన్నాను.

ఆ తర్వాత గర్భాశయ ముఖద్వారం పరీక్షకి రెండుసార్లు పిలిస్తే రానన్నారు. రిజిస్టర్లో రెండుసార్లూ "వద్దన్నారు" అని రాశాను. సిగ్గేమో అనుకున్నాను, అడగలేదు. 2023లో మళ్ళీ రానంటే, మా సెంటర్ డాక్టరమ్మ ఎదుటే ఎందుకని అడిగాను.

"ఫస్ట్ క్లాసులో పాసయినదానికి మళ్ళీ పరీక్షేంటి? డోకా లేదని నువ్వేగా అన్నావు?"

తప్పు నాదేనని డాక్టరమ్మ ముందు ఒప్పుకున్నాను. అది అరుదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. మందులతో రక్తంలో కాపలా పెరిగినా, గర్భాశయ ముఖద్వారం దగ్గరి కాపలా అంతగా కోలుకోకపోవచ్చు. హెచ్‌పీవీ అనే మరో వైరస్ అక్కడ తిష్ఠ వేస్తే, ఏళ్ళ మీద క్యాన్సర్‌కి దారితీయొచ్చు. నాగమణిగారు అన్నిటికీ తలూపి, "బస్సు టైమయిందండీ" అని సంచి తీసుకున్నారు.

"నాట్లయ్యాయా పిన్నిగారూ?" అన్నాను.

"ఎక్కడ? బ్యారేజీ దగ్గర కాలవ నిండా వదిలారంట. కాలవ చివర మా శివారుకి రావొద్దూ?"

"కాలవ నిండితే పొలం తడిసినట్టేగా?"

"నీ మొహం! పొలానికెళ్ళి చూస్తేగా తెలిసేది."

"మీ రక్తం కాలవండీ. డాక్టరమ్మ చూస్తానంటున్నారు శివారు."

ఆవిడ "బడి మానేసి మంచిపని చేశావే, చదివుంటే నీతో వేగలేం" అని సంచి కింద పెట్టారు.

వీఐఏ పరీక్ష చేశారు. పలచని ఎసిటిక్ యాసిడ్ అద్దితే తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. తెల్లబడింది. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా రోజూ ఆవిడే ఫోన్ చేసేవారు. నాకు ఒక్క జోకూ తోచలేదు.

క్యాన్సర్ కాదు, దానికి ముందు మెట్టు. ఆ కాస్త భాగం తీసేశారు. మళ్ళీ వచ్చిందేమో ఏటా పరీక్ష చేయించుకుంటూ ఉండాలన్నారు.

మంచి కబురు చెప్పేటప్పుడు అది ఎంతవరకు మంచిదో కూడా చెప్పాలని అప్పుడు తెలిసింది. ఇప్పుడు రిజిస్టర్లో "వద్దన్నారు" పక్కన ఎందుకో కూడా అడిగి రాస్తున్నాను.

మరుసటేడు ఆ పరీక్షకి వచ్చినప్పుడు ఆవిడ రక్తం రిపోర్టు చూసి అలవాటుకొద్దీ నోరు తెరిచాను.

"ఆగు, మార్కులు తర్వాత. ముందు శివారు చూపించుకు రానీ" అంటూ నాగమణిగారు డాక్టరమ్మ గదిలోకి వెళ్ళిపోయారు.