మంచు పలక మీద మా తాతగారి గొడుగు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా వంశంలో ఎవరూ నమ్మలేదు. పిలవకుండా వచ్చేవాళ్లను గడప లోపలికి రానిచ్చే అలవాటు మాకు లేదు. జమీ పోయింది, దివాణం పోయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఎనభైల మొదట్లో మిషిగన్‌లోని ఒక యూనివర్సిటీలో హిమానీనదాల మీద పరిశోధన చేసేవాణ్ని. వెళ్లేటప్పుడు తాతగారి తెల్లపట్టు గొడుగు వెంట తీసుకెళ్లాను. దాని వెండి పిడి ఎప్పుడో అమ్ముడైంది. చువ్వలు తుప్పుపట్టాయి. నాకు ఊహ తెలిశాక అది తెరుచుకోగా చూసినవాళ్లు లేరు. అయినా నేనెక్కడికి వెళ్లినా నా చేతిలో ఉండేది.

నా రూమ్మేట్ నర్సింగరావుది వరంగల్. వాన పడితే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఏం దొరా, గొడుగు చేతుల పట్టుకొని తడుస్తున్నవ్? స్టోర్ల ఇంకోటి కొనరాదు?"

"ఇది మనం తెరిచేది కాదు. మనకు ఒకరు తెరిచి పట్టేది," అనేవాణ్ని. తాతగారు బయటికొస్తే ఆ గొడుగు పట్టడానికే ఒక మనిషి ఉండేవాడు.

ఆ ఏడు నన్ను యూనివర్సిటీలో ఉంచాలో పంపించాలో తేల్చడానికి మా ప్రొఫెసర్ బయటి నుంచి ఇద్దరు పెద్దలను పిలిచారు. నా వాదనను వాళ్ల ముందు ప్రయోగం చేసి నిరూపించాలి. కుదరకపోతే ఇంటిదారే. అక్కడ మా నాన్నగారు నన్ను అప్పటికే డాక్టరుగారిని చేసి ఊరంతా చెప్పేశారు.

వాదన చిన్నదే. చాలా దేశాల కొండల మీద మంచు చలికాలంలో పడి, వేసవిలో కరుగుతుంది. మన తూర్పు హిమాలయాల్లో అలా కాదు. అక్కడ వర్షాకాలంలోనే కొత్త మంచు ఎక్కువగా పడుతుంది, పాత మంచు కరిగేదీ అప్పుడే. ఆ కొత్త మంచు తెల్లగా పైన పరుచుకుని, ఎండ వేడిని వెనక్కి కొడుతుంది. గాలి కొంచెం వేడెక్కితే మంచుకు బదులు వాన పడుతుంది. కొత్త మంచూ రాదు, పాతదానికి రక్షణా ఉండదు. నష్టం రెండు వైపులా.

ల్యాబ్‌లో రెండు సమానమైన మంచు పలకలు పెట్టి, పైన వేడి దీపాలు వెలిగించాను. ఎడమదాని మీద తురిమిన మంచు చల్లాను. కుడిదాని మీద చిల్లుల డబ్బాలోంచి నీళ్లు కారేలా పెట్టాను. మేం భోంచేసి వచ్చేసరికి కుడిది చిక్కిపోయి ఉండాలి. గొడుగు మూలన ఆనించి, తాళం వేసి, నర్సింగరావుతో వెళ్లాను. రెండో తాళంచెవి ప్రొఫెసర్ దగ్గరుంది. ఆయన అతిథుల కోసం ఎయిర్‌పోర్టుకు వెళ్లారు.

తిరిగొచ్చి తలుపు తీస్తే, కుడి పలక మీద తాతగారి గొడుగు పూర్తిగా విచ్చుకుని ఉంది. కర్ర బల్ల సందులో నిటారుగా దిగి ఉంది. దాని నీడలో పలక చెక్కుచెదరలేదు. ఎడమదే కాస్త చిక్కింది. నా వాదన తలకిందులైంది.

నర్సింగరావు గుమ్మం దాటలేదు. "దొరా, నేను నీ ముందల్నే తిన్న. పెరుగన్నం గూడ నీ ముందల్నే కలుపుకున్న. నా మీద పెట్టకు."

గొడుగు మూయబోయాను. కదల్లేదు. అంతలో ప్రొఫెసర్, అతిథులు లోపలికి వచ్చేశారు.

"ఆ గొడుగేమిటి?" అన్నారు ప్రొఫెసర్.

నడుము నిటారు చేశాను. "మా కుటుంబానిదండీ. వర్షాకాలపు మంచు హిమానీనదానికి చేసే పని ఇదే. ఇప్పుడు దీన్ని తీసేస్తాను, చూడండి."

చెయ్యి వేశానో లేదో, ఈసారి మెత్తగా ముడుచుకుంది. దీపాల వేడికి, కారే నీళ్లకు ఆ పలక వాళ్లు కాఫీలు తాగుతుండగానే కళ్లముందు చిక్కిపోయింది. ఇంత చక్కటి ప్రదర్శన చూడలేదన్నారు. నన్ను ఉంచేశారు.

పెద్దాయన ఒకరు గొడుగు మళ్లీ తెరిచి చూపమన్నారు. నేను లాగాను. నర్సింగరావు లాగాడు. ప్రొఫెసర్ కోటు విప్పి, కర్రను కాలితో తొక్కిపెట్టి మరీ లాగారు. తెరుచుకోలేదు. ఇప్పటికీ తెరుచుకోదు.

"మీ తాతనే వచ్చిండు దొరా," అన్నాడు నర్సింగరావు ఆ సాయంత్రం. "నీ ఇజ్జత్ కాపాడిండు."

తాళానికీ, తుప్పుకూ నేనే ఏదో ఒక కారణం చెప్పుకోగలను. కానీ మా తాతగారు బతికుండగా ఒక్కనాడూ తన చేత్తో గొడుగు పట్టలేదు. పరాయి దేశంలో, బల్ల మీద మంచుగడ్డకు, మేం భోంచేసి వచ్చేదాకా నిలబడి పట్టారంటే మాత్రం నాకింతవరకూ అంతుపట్టలేదు.