నాలుకకు దొరికిన పొరపాటు

2018లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చిపెట్టి నెల దాటింది. అప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక చిన్న పరీక్షాశాలలో టెక్నీషియన్ని. రైతులు తెచ్చే గడ్డి, దాణా, ఆకులు పరీక్షించి పశువులకు ఏది ఎంత పెట్టవచ్చో చెప్పడం మా పని.

ఒక ఉదయం పలాస బస్సు దిగి గౌరమ్మ అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఉద్దానంలో పన్నెండు మేకలు ఆమె జీవనాధారం. గాలికి తోటలు కూలిపోయాయి, గడ్డి కుళ్ళిపోయింది. కూలిన జీడిమామిడి చెట్లే మళ్ళీ చిగురు వేస్తున్నాయి. ఊళ్ళో మేకలకు సులువుగా అందే పచ్చనిది అదే.

సంచిలోంచి నాలుగు పొట్లాలు తీసి నా బల్ల మీద వరసగా పెట్టింది. మునగాకు, పనసాకు, జీడి ముదురాకు, జీడి చిగురు.

"మేకలు తింతన్నాయి బాబూ, ఒంట పట్టడం నేదు. రెండు సూడి మీదున్నాయి. ఏ ఆకు ఎంతెట్టాలో సెప్పు. మా ఊరోళ్ళందరూ నీ మాట కోసం సూస్తన్నారు."

"ఈ వరసేమిటమ్మా?"

"నమిలి సూసినాను. మునగాకు వగరు నేదు. అక్కణ్ణుంచి ఒకదాని కన్నా ఒకటి ఎక్కువ. సిగురైతే నాలిక లాగేస్తాది."

ఆకుల్లోని ఆ వగరునే మేము టానిన్ అంటాం. జీడిమామిడి పండు కొరికితే గొంతు పట్టేస్తుందే, అదీ అదే. కొంచెం ఉంటే మేకల కడుపులో నులిపురుగులను అదుపులో పెడుతుంది. ఎక్కువైతే మేతలోని మాంసకృత్తులను పట్టి ఉంచేస్తుంది. మేక మేస్తుంది, కానీ చిక్కిపోతుంది.

కొలిచే పద్ధతి చెప్పడానికి తేలికే. ఎండిన ఆకును పొడి చేసి, ఎసిటోన్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఆ రసానికి రంగు తెచ్చే మందు కలుపుతాం. టానిన్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని స్పెక్ట్రోఫొటోమీటర్ అనే పరికరం అంకెలో చెబుతుంది.

రెండు రోజుల తర్వాత గౌరమ్మకు ఫోన్ చేశాను.

"జీడి చిగురులో టానిన్ పనసాకులో ఉన్నంతే ఉందమ్మా. ధైర్యంగా పెట్టొచ్చు."

ఆవిడ ఒప్పుకోలేదు.

"నీ మిసను తప్పు సెప్తన్నాది బాబూ. నాను పెట్టను. ఊళ్ళో ఎవులికీ సెప్పను కూడా. మళ్ళీ ఒకసారి సూడు."

నాకు కోపం వచ్చింది. పదహారేళ్ళుగా చేస్తున్న పని. అయినా ఆ మాట మనసులోంచి పోలేదు. మధ్యాహ్నం నోట్‌బుక్ తీసి ఒక్కో అడుగూ సరిచూసుకున్నాను. తప్పు దొరికింది. ఆకులో తేమ ఎంతో తెలుసుకోవడానికి దాన్ని ఓవెన్‌లో బాగా వేడి మీద ఆరబెడతాం. తొందరలో చిగురు టానిన్ పరీక్షకూ ఆ పొడినే వాడేశాను. అంత వేడికి టానిన్ ఆకుకే అతుక్కుపోతుంది, రసంలోకి సరిగా దిగదు. అందుకే అంకె తగ్గింది. పరికరం తప్పు చెప్పలేదు, తప్పు శాంపిల్ ఇచ్చింది నేను.

ఫ్రిజ్‌లో మిగిలిన పచ్చి ఆకును నీడన ఆరబెట్టి మళ్ళీ చేశాను. ఈసారి చిగురు రసం పోసిన గాజు గొట్టం ముదురు నీలంగా మారింది. నాలుగు గొట్టాల రంగూ ఆమె పొట్లాలు పేర్చిన వరసలోనే చిక్కబడింది.

ఫోన్‌లో చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. మర్నాడు బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. గౌరమ్మ పొరుగూరి నుంచి మునగ కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని అప్పుడే వస్తోంది. చిగురు పెట్టడం మానేసి, రోజూ అంత దూరం నడుస్తోందట. మేకలున్న నలుగురైదుగురు పోగయ్యారు. వాళ్ళ ముందే చెప్పాను.

"తప్పు నాదమ్మా. నువ్వు చెప్పిందే నిజం. నువ్వు ఆపకపోతే ఊరంతా చిగురే పెట్టేవారు."

ఆమె మోపు దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. గెలిచానన్న భావం ఆ మొహంలో లేదు.

"నువ్వు మళ్ళీ సూసినావు గదా, అది సాలు. మరి ముదురాకు ఎంతెట్టమంటావు? అది నా నాలిక సెప్పనేదు. నువ్వే సెప్పాలి."

ఆ ప్రశ్నకు సిగ్గుతో పాటు సంతోషమూ కలిగింది. ముదురాకు పూటకు పిడికెడు మించకుండా, మునగా పనసా కలిపి పెట్టమన్నాను. చలికాలం గడిచేలోగా ఆమె సూడి మేకలు రెండూ సుఖంగా ఈనాయి. ఊళ్ళో మిగతా మేకలూ తేరుకున్నాయి.

అంకెకూ, పశువును రోజూ చూసే మనిషి మాటకూ పొసగనప్పుడు ముందు నా చేతి పనినే అనుమానించాలని ఆ కేసుతో నేర్చుకున్నాను. నాకంటే ముందు తప్పు పట్టిందని గౌరమ్మను మెచ్చుకుంటాను. పరీక్షాశాల చెప్పినా నమ్మకుండా ఊరందరి మేకల కోసం ఆ మాట ఎవరికీ చెప్పకుండా ఆగింది చూడండి, అందుకు ఆమెకు చేతులెత్తి మొక్కుతాను.