చెయ్యి తగిలినా ఎంగిలే

ఉదయం ఆరూ నలభైకి మా ఆర్మీ ట్రక్కు అవనిగడ్డ దాటింది. కరకట్ట మీద రెండు కిలోమీటర్లు వెళ్లాక రోడ్డు వరదలో కలిసిపోయింది. అక్కడి నుంచి పడవ. ఒక పంపు, నీళ్లు వడపోసే యంత్రం, మూడు బస్తాల బ్లీచింగ్ పౌడరు, మేం నలుగురం. నాది గుడివాడ. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఇంటికి అంత దగ్గర డ్యూటీ పడటం అదొక్కసారే.

ముంపు ఊళ్ల జనం హైస్కూల్లో ఉన్నారు. పదకొండింటికల్లా వరండాలో డ్రమ్ములు నింపాం. నీళ్లలో మందు సరిపోయిందని నేనే పరీక్షించి, మీసం దువ్వుకున్నాను.

మూడో రోజున విరేచనాలు మొదలయ్యాయి. వంట చూసే మంగమ్మగారి చెల్లెలు రత్తమ్మ అందరికంటే ముందు పడిపోయింది. కళ్లు లోతుకు పోయాయి. మా నర్సింగ్ అసిస్టెంట్ రెండు చేతులకీ సెలైన్ పెట్టాడు.

"సాయంత్రంలోగా మూత్రం రాకపోతే కష్టం," అన్నాడు.

వైర్‌లెస్ మోగింది. అవతల మా ఆఫీసరు.

"కొత్త కేసులు?"

"ఆరు. ఓవర్."

"నీళ్లు చూశావా?"

"నింపగానే చూశాను. బాగున్నాయి. ఓవర్."

జనం గ్లాసు పెదవికి తగలనివ్వకుండా ఎత్తి పోసుకుంటున్నారు. నేనూ అలా పెరిగినవాణ్ణే. అందుకే తప్పు నా కంటికి ఆనలేదు. మంగమ్మగారికి ఆనింది. అందరిలాగే మా డ్రైవర్ కూడా డ్రమ్ములో గ్లాసు ముంచాడు. చెయ్యి మణికట్టుదాకా మునిగింది.

"ఏవండీ, మూతి తగిలితే ఎంగిలంటాం. ఎక్కడెక్కడో పెట్టొచ్చిన చెయ్యి ముంచితే కాదా?" అంది.

డ్రమ్ము అడుగు నీళ్లు పరీక్షించాను. మందు జాడే లేదు, చేతుల మురికే దాన్ని తినేసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

డ్రమ్ములు కడిగి కొత్త నీళ్లు నింపాం. ఆవిడ చెల్లెలి చెయ్యి వదిలి లేచింది. పొడుగు కాడ గరిటె మరిగే నీళ్లలో ముంచి తెచ్చి డ్రమ్ము ముందు నిలబడింది.

"ఇక ఎవరూ ముంచకండి, నేను పోస్తా. మావయ్యా, ముందు సబ్బు! చెయ్యి తగిలినా ఎంగిలే."

చేతులు కడుక్కోమని నా మైకు రెండు రోజులు మొత్తుకున్నా కానిది ఆ ఒక్క మాటతో అయింది. వరస కట్టారు. మధ్యమధ్యలో ఆవిడ కళ్లు చెల్లెలి మంచం వైపే వెళ్తున్నాయి. కాళ్లు మాత్రం కదల్లేదు. అంత నిబ్బరం నేను సరిహద్దులో కూడా తక్కువే చూశాను.

ఐదున్నరకి నర్సింగ్ అసిస్టెంట్ కేక పెట్టాడు. "వచ్చింది!" మూత్రం వచ్చినందుకు అంతమంది చప్పట్లు కొట్టడం నా జన్మలో చూడలేదు. మంగమ్మగారు గరిటె పట్టుకునే ఏడ్చేసింది.

పదకొండో రోజు తిరుగు ప్రయాణం. అప్పటికి కొత్త కేసుల్లేవు. బయల్దేరే ముందు భోజనానికి వెళ్తే, గుమ్మంలో కుర్చీ వేసుకుని రత్తమ్మ కూర్చుంది.

"చేతులు చూపించండి."

చాచాను. సూది గుచ్చిన చోట దూది ఇంకా అంటుకునే ఉన్న చేత్తో నా వేళ్లు తిప్పి చూసింది.

"గోళ్లండీ. మళ్లీ కడుక్కోండి."

ఇప్పుడు రిటైరై గుడివాడలోనే ఉంటున్నాను. కంచం ముందు కూర్చోబోతే ఆ దూది అంటుకున్న చెయ్యి నా వేళ్లు తిప్పుతున్నట్టే ఉంటుంది. లేచి వెళ్లి మళ్లీ కడుక్కుంటాను.