ఏడో నంబరు మూసిన రోజు

అరకు స్టేషన్ రోడ్డులో నా జిరాక్స్ దుకాణం వెనక గదిలోనే మా కాపురం. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయాక నా భార్య మంచం దిగలేదు; గొంతు కూడా సన్నబడింది. ప్రింటర్ల చప్పుడులో ఆమె పిలుపు నాకు వినపడేది కాదు. అందుకని మంచానికి ఒక స్విచ్ కట్టి, తీగ లాక్కొచ్చి, పాత కంప్యూటర్ వెనక ఖాళీగా ఉన్న ప్రింటర్ పోర్టుకి కలిపాను.

కీబోర్డు, డిస్కు, ఇలా ప్రాసెసర్‌ని పిలవాల్సిన అవసరమున్న ప్రతి పరికరానికీ ఆపరేటింగ్ సిస్టం ఒక నంబరు కేటాయిస్తుంది. ఆ నంబరు మీద పిలుపు రాగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, పిలిచినదాని సంగతి చూసి, మళ్ళీ ఆపినచోట మొదలుపెడుతుంది. దీన్ని ఇంటరప్ట్ అంటారు. మా పోర్టుకి వచ్చింది ఏడు. ఆమె నొక్కితే నా తెరమీద ఎర్రని గడి వెలిగేది.

కొన్నాళ్ళు వెలిగిన ప్రతిసారీ లేచి వెళ్ళాను. ఒక శనివారం టూరిస్టులు టికెట్ల ప్రింట్ల కోసం మూగి ఉన్నారు. గడి వెలిగింది, వెళ్ళొచ్చాను, మళ్ళీ వెలిగింది. పక్క టీకొట్టాయన చూస్తున్నాడు.

"ఏటి మాస్టారూ, ఇంటావిడని కంప్యూటర్లో ఎట్టీసినారేటి? బేగెల్లండి, లేపోతే తెరలోంచి సెయ్యెట్టి సెవి మెలేత్తాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఏడో నంబరు పిలుపులు వినొద్దని సిస్టంకి చెప్పేశాను. ఒక్క ఆదేశం చాలు. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా అది లెక్కైనా పెట్టదు. రద్దీ తగ్గాక తెరుద్దామనుకుని మరిచిపోయాను. కాదు, గుర్తుంది. హాయిగా ఉందని ఊరుకున్నాను.

సాయంత్రం లోపలికి వెళ్తే పక్క తడిసి ఉంది. స్విచ్ ఆమె కుడిచేతిలోనే ఉంది.

"తీగ ఊడిపోనాదేటండీ?" అంది.

"ఔను, ఊడిపోయింది."

దుప్పటి మార్చాను. తర్వాత గోడవైపు చూస్తూ, "టీకొట్టాయన మాట ఇక్కడికీ ఇనబడింది. పోన్లెండి" అంది.

వెంటనే వెళ్ళి నంబరు తెరిచాను. అప్పటినుంచీ ఆమె నొక్కలేదు.

నంబరు లేని పరికరాలని కంప్యూటరే మాటిమాటికీ పోయి అడుగుతుంది. నేనూ అలాగే బేరాల మధ్యలో లేచి పోయి అడుగుతున్నాను.

"ఏటైనా కావాలా?"

"ఏటీ వొద్దండి. పని సూసుకోండి."

నీళ్ళు బాగా తాగించమని డాక్టరు చెప్పాడు. గ్లాసు నోటికి పెడితే ఒక్క గుక్క మింగి తల తిప్పేస్తుంది. దాహం లేక కాదు, పెదాలు పగిలిపోయాయి. తాగితే నన్ను పిలవాల్సి వస్తుందని.