ఆకులేమంటన్నాయిరా

ఆ రోజుల్లో నన్ను చిన్నచూపు చూసినవాళ్ళంతా నాకు పేరుపేరునా గుర్తున్నారు. చేసే పనిలో తృప్తి ఎక్కడుందని నన్నెవరైనా అడిగితే ఎంగిలాకుల్లో ఉందని చెబుతాను. అది కూడా నేను అలిగి మూతి ముడుచుకుని ఉన్నప్పుడే దొరికింది.

డిగ్రీ పాసై నరసరావుపేటలో ఖాళీగా తిరుగుతుంటే, పెళ్ళిళ్ళకు వంటలు చేసే మా మేనమామకు నన్ను అప్పగించింది అమ్మ. చదువుకున్నవాణ్ణి కదా, నేతి గిన్నె నా చేతికే ఇస్తాడనుకున్నాను. (బంతిలో అందరి కళ్ళూ నెయ్యి వేసేవాడి మీదే ఉంటాయి, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళవి కూడా.) ఆ గిన్నె తన బావమరిదికిచ్చి, నన్ను తిన్న ఆకులు ఎత్తమన్నాడు మామ. పైగా బంతి లేచినప్పుడల్లా నా దగ్గరికొచ్చి, "ఆకులేమంటన్నాయిరా?" అని అడిగేవాడు. నాకది వెటకారంగా తోచేది. కసికొద్దీ పప్పు పలచనైందనీ, అప్పడాలు మెత్తబడ్డాయనీ, ఎవరూ ముట్టని పదార్థమల్లా ఏకరువు పెట్టేవాణ్ణి. ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు.

ఒకసారి ముప్పాళ్ళ దగ్గర పెళ్ళి. మొదటి బంతిలో ఆడపెళ్ళివారు తిన్నారు. లేచినవాళ్ళు లేచినట్టు గుత్తివంకాయ బ్రహ్మాండమని మామను మెచ్చుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. పల్నాడులో సగం పెళ్ళిళ్ళకు మామను పిలిచేది ఆ కూర కోసమే. నేను వంగి చూద్దును కదా, ఒక్కో కాయ కొసన కొరికి ఆకు మడతలో దాచేశారు. మామ వచ్చి అడిగాడు. "వంకాయ ఎవరూ తిన్లేదు మామా, కనరు," అన్నాను, బావమరిది ఎదుటే, కాస్త ఆనందంగా. పెళ్ళివారు తినకముందు వంట ఎంగిలి చేయకూడదని మామ నియమం. ఉప్పూ కారం వాసనతోనే చూసుకుంటాడు. కనరు మాత్రం ముక్కుకు అందదు. ఇక కూర్చోబోయేది మగపెళ్ళివారు. వాళ్ళ నోటికి ఆ చేదు తగిలితే మామ పేరు ఆ పూటతో సరి.

ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, కూర గుండిగను పక్కకు దించేశాడు. మర్నాటికని తెచ్చిన దొండకాయలు ముందేసుకుని తనే కత్తిపీట మీద కూర్చున్నాడు. మగపెళ్ళివారు ఫొటోల దగ్గర నిలబడిపోయారు (నేను ఫొటోగ్రాఫర్లను తిట్టనిది ఆ ఒక్కరోజే). వాళ్ళు వచ్చేసరికి వేపుడు దిగింది. ఆ బంతి లేచాక ఆకులన్నీ కడిగినట్టున్నాయి.

అప్పుడు మామ నా పక్కన వంగి, నాతోపాటు ఆకులెత్తుతూ అన్నాడు: "బాలేదని నాతో చెప్పేవాడు ఎవడున్నాడ్రా? అందరికీ మొగమాటమే. నువ్వు పుట్టినకాడి నుంచి మీయమ్మ వంటకి వంకలు పెడతానే ఉన్నావు. నెయ్యి ఎవడైనా ఏస్తాడు. అందుకే నిన్ను ఆకుల కాడ పెట్టా."

అది పొగడ్తో తిట్టో నాకింకా తేలలేదు. కానీ ఆ రోజు నుంచి ఆకులు ఎత్తమని నాకెవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు గరిటె నాది. మోకాళ్ళ నొప్పులతో మామ పొయ్యి దగ్గరికి రావడం మానేశాడు. మొన్న సత్తెనపల్లిలో నేను వండిన పెళ్ళికి చుట్టంగా వచ్చి బంతిలో కూర్చున్నాడు. ఆయన లేచాక ఆ ఆకు నేనే ఎత్తబోయాను. పప్పు లేదు, పులుసు లేదు, అంతా ఖాళీ. ఒక మూల మాత్రం నా గుత్తివంకాయ, కొస కొరికి పెట్టి ఉంది. "ఏంది మామా?" అన్నాను. "ఉప్పు చానా ఎక్కువైందిరా," అన్నాడు, పదిమందీ వింటుండగా.

అది కూడా మర్చిపోను. లోపలికెళ్ళి రెండో బంతి కూరలో ఇంకాస్త చింతపండు పులుసు పోయించాను. ఆ బంతి లేచాక, ఆయన అడగకముందే, ఆకులు చూడటానికి బయల్దేరాను.