తెరకు వీపు పెట్టిన విమర్శకుడు

విమర్శకుడికి హృదయం ఉండదని కైరోలో అందరూ అంటారు. ఉస్తాద్ వగ్దీకి కళ్ళు కూడా లేవని మా పత్రికలో అనేవాళ్ళం. టీవీ సమీక్షలు రాసే ఆ పెద్దమనిషి ప్రతి ధారావాహికనూ తెరకు వీపు పెట్టి కూర్చునే ‘చూస్తాడు’ మరి.

రంజాన్‌లో ఉపవాసం విడవగానే ఆయన హమీదో కాఫీ దుకాణానికి చేరతాడు. అందరూ కుర్చీలను టీవీ వైపు లాక్కుంటే, ఆయన తన కుర్చీని వెనక్కి తిప్పుకుని, షెహాతా బాబాయ్ అనే ముసలి దర్జీకి ఎదురుగా కూర్చుంటాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి షెహాతా. ధారావాహిక నడిచినంతసేపూ వగ్దీ పెదవులు కదులుతూనే ఉంటాయి, శబ్దం మాత్రం రాదు. రచయితకు శాపనార్థాలు పెడుతున్నాడని హమీదో సిద్ధాంతం. నటులకు ఆయన ముఖం కన్నా వీపే బాగా తెలుసు.

“ఉస్తాద్, కనీసం ప్రకటనలకైనా ఇటు తిరగండి!”

“వాటికి తప్పకుండా తిరుగుతాను హమీదో. నటన ఉండేది వాటిలోనే.”

కారణమడిగితే గంభీరంగా చెప్పేవాడు: “ముఖానికి రంగు పూయవచ్చు, గొంతుకు పూయలేరు.”

ఆ ఏడాది ‘నది తర్వాత’ అనే ధారావాహిక వచ్చింది. నైలు ఎండిపోయి, కైరో ఖాళీ అయిపోయిన కాలపు కథ. తొమ్మిదో భాగంలో ఒక్క మాట కూడా లేదు. ముందే చూసిన విమర్శకులు ప్రసారమయ్యే రోజు ఉదయమే దాన్ని చీల్చి చెండాడారు. “రచయిత కూడా వలస పోయాడా?” అని ఒకరు రాశారు. వగ్దీ కూడా తిడితే ధారావాహికను ఆపేసి వంటల కార్యక్రమం వేస్తామని చానల్ వారు ప్రకటించారు. ఆయన సమీక్ష తీసుకురమ్మని సంపాదకురాలు ఆ రాత్రి నన్ను హమీదో దుకాణానికి పంపింది. చెవులతో చూసే మనిషి మూగ భాగాన్ని ఎలా చూస్తాడా అని నాకూ కుతూహలమే.

భాగం మొదలైంది. నిర్జనమైన నగరంలో, ఒక మేడపైన, ముసలి దంపతులు చెరొక ఖర్జూరం పట్టుకుని కూర్చున్నారు. ఉపవాసం విడవమని పిలిచే గొంతు లోకంలో మిగల్లేదు. పొద్దు వాలిందో లేదో తేల్చుకోలేక, నువ్వు ముందంటే నువ్వు ముందన్నట్టు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

వగ్దీ పెదవులు కదలలేదు. షెహాతా దుకాణమంతా వినిపించేలా అరిచాడు.

“ఒరేయ్ వగ్దీ! అలిగావా? వాళ్ళేమంటున్నారో చెప్పవేం?”

హమీదో చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. షెహాతాకు చెవులు వినపడవన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఆయనకు చదవడానికి వీలుగా వగ్దీ ఇన్నేళ్ళూ తెరమీది ప్రతి మాటనూ పెదవులతో పలుకుతున్నాడు.

“ఏమీ అనడం లేదు బాబాయ్,” అన్నాడు వగ్దీ, ఒక్కో అక్షరం విడమరచి.

“మరి నా మొహంలో ఏముందని చూస్తావు? వెనక్కి తిరుగు, వెధవా! ఆ ముసలావిడ కళ్ళు చూడు!”

ఉస్తాద్ వగ్దీ కుర్చీ తిప్పాడు. తెరమీద ముసలావిడ తన ఖర్జూరాన్ని భర్త నోటికి అందించేదాకా ఆయన రెప్ప వేయలేదు.

మర్నాటి సమీక్ష నాలుగే వాక్యాలు. చివరిది ఇది: “ఈ భాగాన్ని నేనూ నా మిత్రుడూ కలిసి చూశాము, మిగిలిన ధారావాహికలేవీ మాకు ఆ అవకాశం ఇవ్వలేదు.” మెచ్చుకోవడానికి తొందరపడని నాకు కూడా అందులో తీసేయదగిన మాట కనిపించలేదు.

ధారావాహిక బతికి బయటపడింది. సంతోషం పట్టలేని చానల్ వారు, ప్రతి సాయంత్రం ప్రసారమయ్యే వేళకు స్టూడియోకు వచ్చి ప్రత్యక్షంగా విశ్లేషించమని కారు పంపారు. పదో భాగంలో సంభాషణలు దండిగా ఉన్నాయని డ్రైవరును అడిగి తెలుసుకుని, వగ్దీ కారును ఖాళీగా తిప్పి పంపేశాడు.